సి.ఎన్.సి. యంత్రమునకు కంప్యూటరు చెప్పు మాట

హైదరాబాదు నుండి 65వ జాతీయ రహదారి వెంట పోవువారికి రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారము దాటిన పిమ్మట కంది వచ్చును. ఈ దారి పొడవునను, దారికి అటునిటు గల గ్రామములందును గడచిన అరువది యేండ్లలో పరిశ్రమలు వెలసినవి. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, కందికి చేరువనే ఎద్దుమైలారమున 1984లో నెలకొల్పబడిన ఆయుధ కర్మాగారము, 2015 నుండి కందియందే నడచుచున్న ఐ.ఐ.టి. హైదరాబాదు - ఇవి అందరును ఎరిగిన పేర్లు. ఈ పెద్ద పేర్ల నీడలో పేరు వినబడని చిన్న షాపులు అనేకము కలవు. రేకుల కప్పు క్రింద రెండో మూడో యంత్రములు, పగలొక షిఫ్టు, రాత్రి యొక షిఫ్టు పని. ఇరుసులు, బుష్షులు, ఫ్లాంజీలు ఇట్టి చోట్లనే తయారగుచుండును.

చిన్న షాపు యజమాని క్రొత్త సి.ఎన్.సి. యంత్రమును కొనలేనప్పుడు, వేరొకరు వాడి విడిచిన దానిని కొనును. దాని ఇనుము గట్టిది. పడక, స్పిండిలు ఇంకను చక్కగ పనిచేయును. కాని దాని నియంత్రికకు జ్ఞాపకశక్తి స్వల్పము. నేటి యంత్రములకు వలె పెన్ డ్రైవు పెట్టు చోటు గాని, నెట్‌వర్కు తీగను తగిలించు చోటు గాని దానికి ఉండదు. ఉన్నది ఒక్కటే కిటికీ: ప్రక్కన మూత క్రింద ఇరువది యైదు పిన్నుల కనెక్టరు. ఆ కిటికీ ద్వారా కంప్యూటరుతో యంత్రమునకు మాట కలుపుట యెట్లో, ఆ మాటలో ఒక్క అక్షరము జారినచో ఏమగునో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

అంకెలచేత నడచు యంత్రమును మొట్టమొదట 1952లో అమెరికాయందలి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు ప్రదర్శించిరి. అప్పటి ఆజ్ఞలు కాగితపు పట్టీపై రంధ్రములుగా నుండెడివి. పట్టీ అంగుళము వెడల్పు. అడ్డముగా ఎనిమిది రంధ్రములకు తావు. అంగుళము పొడవునకు పది అక్షరములు. ఈ లెక్క నేటికిని పూర్తిగ చెరిగిపోలేదు. పాత నియంత్రికల జ్ఞాపకశక్తిని పట్టీ పొడవుతో చెప్పుట కలదు. ఎనుబది మీటర్ల జ్ఞాపకశక్తి యనగా సుమారు 31,500 అక్షరములు. కాలక్రమమున కాగితపు పట్టీ పోయి, దాని స్థానమున తీగ వచ్చినది. ఒకప్పుడు రంధ్రములు ఒకదాని వెంట ఒకటి చదువబడినట్లే, ఇప్పుడు విద్యుత్ సంకేతములు ఒకే తీగపై ఒకదాని వెనుక ఒకటి వరుసగ పోవును. ఇందుచేతనే దీనికి సీరియల్ అను పేరు వచ్చినది.

ఈ తీగకు సంబంధించిన నియమావళి పేరు ఆర్.ఎస్. 232. దీనిని 1960లో అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమువారు వెలువరించిరి, 1969లో సవరించిరి. అది యంత్రశాలల కొరకు పుట్టినది కాదు. టెలిప్రింటరు వంటి పరికరమును టెలిఫోను తీగకు చేర్చు మోడెముతో కలుపుటకు పుట్టినది. ఈ జన్మవృత్తాంతము తెలిసినచో తరువాతి చిక్కులన్నియు సులభముగ విడిపోవును. అందులో టెలిప్రింటరు ఒక పక్షము, మోడెము రెండవ పక్షము. ఎవరు ఏ పిన్నుపై మాటలాడవలెనో, ఏ పిన్నుపై వినవలెనో ముందే నిర్ణయము. కాని మన షాపులో మోడెము లేదు. కంప్యూటరును టెలిప్రింటరు పక్షమే, సి.ఎన్.సి. నియంత్రికయు టెలిప్రింటరు పక్షమే. ఇద్దరును ఒకే పేరు గల పిన్నుపై మాటలాడుదురు. ఒకే పేరు గల పిన్నుపై విందురు. కావున ఒకరి నోటిని రెండవవారి చెవికి చేర్చునట్లు తీగలను దాటించి అతుకవలెను.

కంప్యూటరు వైపు తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2వది చెవి, 3వది నోరు, 5వది ఉభయులకు ఉమ్మడి యగు గ్రౌండు. యంత్రము వైపు ఇరువది యైదు పిన్నుల కనెక్టరులో 2వది నోరు, 3వది చెవి, 7వది గ్రౌండు. కనుక 2 నుండి 2నకు, 3 నుండి 3నకు, 5 నుండి 7నకు తీగలు పోవును. సంఖ్యలు మారలేదు గదా, దాటు ఎక్కడ నున్నదని సందేహము కలుగవచ్చును. సంఖ్యలు ఒకటే యైనను, రెండు కనెక్టరులలో వాని పనులు తారుమారుగ నుండుటయే ఆ దాటు. యంత్రము వైపును తొమ్మిది పిన్నులే యున్నచో, 2ను 3నకు, 3ను 2నకు, 5ను 5నకు కలుపవలెను. పటము దొరకని యంత్రమునకు ఒక ఉపాయము కలదు. మాటలాడక ఊరకయున్నప్పుడు నోటి పిన్నుపై గ్రౌండుతో పోల్చిన 5 నుండి 12 వోల్టుల వరకు ఋణ విద్యుత్తు ఉండును. చెవి పిన్నుపై సుమారు సున్న. విద్యుత్ పని తెలిసినవాడు మల్టీమీటరుతో దీనిని చూచి, ఏది నోరో, ఏది చెవియో చెప్పగలడు.

ఈ మూడు తీగలే గాక, 'నేను సిద్ధము', 'నీవు పంపవచ్చును' అని తెలుపు పిన్నులు మరికొన్ని కలవు. అవి సంకేతమును పొందనిచో యంత్రము పెదవి విప్పదు. వానిని రెండు కొసలకు సాగదీయుటకు బదులు, ఏ కొసకు ఆ కొసయే కలిపివేయుట వాడుక. యంత్రము వైపు 4ను 5తోను, 6, 8, 20లను తమలోతామును. కంప్యూటరు వైపు 7ను 8తోను, 1, 4, 6లను తమలోతామును కలుపుదురు. ఇట్లు చేసినచో యంత్రము తన సిద్ధతను తానే విని, ఎదుటివాడు సిద్ధముగ నున్నాడని నమ్మును. ఈ నమ్మిక సౌకర్యమే గాని సత్యము కాదు. కంప్యూటరు కట్టివేయబడియున్నను యంత్రము అట్లే నమ్మును. కాబట్టి ఆగుమని, సాగుమని చెప్పు భారమంతయు మాటలలోనే పంపు సంకేతములపై పడును. వానిని గూర్చి ముందు చెప్పెదము.

ఒక ముఖ్యమైన హెచ్చరిక ఇచటనే చేయవలెను. బజారులో దొరకు ఇరువది యైదు తీగల సిద్ధపు కేబులును తెచ్చి తగిలింపరాదు. జపాను దేశపు ఫానుక్ వారి పలు నియంత్రికలలో 25వ పిన్నుపై 24 వోల్టుల విద్యుత్తు ఉండును. అది పూర్వము పట్టీని చదువు పరికరమునకు ఉద్దేశింపబడినది. ఆ విద్యుత్తు కంప్యూటరులోనికి పోయినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అవసరమైన తీగలను మాత్రమే సోల్డరింగు చేసుకొనుట క్షేమము. కనెక్టరును తగిలించునపుడును, తీయునపుడును రెండు వైపుల విద్యుత్తును ఆపవలెను. యంత్రము ఒక ఎర్తుపైన, కంప్యూటరు వేరొక ఎర్తుపైన ఉన్నచో వాని నడుమ తేడా ఈ సన్నని గ్రౌండు తీగ గుండా పరుగెత్తి పోర్టును కాల్చివేయవచ్చును. కనుక రెంటికిని ఒకే ఎర్తు ఉండునట్లు చూచుకొనవలెను. వీలైనచో నడుమ ఆప్టికల్ ఐసొలేటరును అమర్చవలెను. కేబులు పైతొడుగు, అనగా షీల్డు, యంత్రము వైపు ఎర్తునకు చేరవలెను. మోటారులకు పోవు తీగలతో దీనిని జతగా కట్టరాదు. పొడవు విషయమున పదునైదు మీటర్లు మించకుండుట పాత నియమము. అంతకంటె దూరము తప్పనిచో ఆర్.ఎస్. 422 అను వేరొక పద్ధతిని ఆశ్రయింపవలెను.

తీగ సిద్ధమైన తరువాత ఒప్పందము. ఇద్దరు మాటలాడుటకు తీగ చాలదు. వేగము, లిపి, విరామము ఒకటిగ నుండవలెను. వేగమునకు బాడ్ అని పేరు. ఫ్రెంచి తంతి ఇంజనీరు ఎమిల్ బోడో పేరిట అది వాడుకలోనికి వచ్చినది. ఫానుక్ నియంత్రికలతో తరచుగ 4800 గాని 9600 గాని వాడుదురు. అక్షరమునకు ఏడు బిట్లు, సరి పారిటీ, రెండు స్టాప్ బిట్లు. మొదట ఒక స్టార్ట్ బిట్. ఈ స్టార్టు, స్టాపు టెలిప్రింటరు నాటివే. లెక్కించినచో ఒక్కొక్క అక్షరమునకు పదునొకండు బిట్లు అగుచున్నవి. కావున 4800 బాడ్ యనగా సెకనుకు 436 అక్షరములు; 9600 అనగా 872. ఈ నాలుగు విషయములు యంత్రపు పారామీటరులలో ఎట్లున్నవో, కంప్యూటరునందును అట్లే యుండవలెను. వేగము కలియనిచో చెవిటివాని ముందు శంఖ మూదిన చందమే.

మూడవది మర్యాద. యంత్రము తన చిన్న జ్ఞాపకమున అక్షరములను దాచుకొనుచు, అది నిండవచ్చినప్పుడు 'ఆగుము' అనును. ఖాళీ యైనప్పుడు 'పంపుము' అనును. ఈ రెండు మాటలు కూడ అక్షరములే. 'పంపుము' అనునది 17వ సంకేతము, పేరు డి.సి.1, 'ఆగుము' అనునది 19వ సంకేతము, పేరు డి.సి.3. పైన చెప్పినట్లు పిన్నులను కొసలయందే కలిపివేసిన షాపులో ఈ రెండు మాటలే దిక్కు. కంప్యూటరులో ఈ ఏర్పాటు తెరువబడి యుండవలెను. యు.ఎస్.బి. నుండి సీరియలుకు మార్చు చిన్న పరికరములను వాడునపుడు మరింత జాగ్రత్త కావలెను. వానిలో కొన్ని 'ఆగుము' అను మాట వచ్చిన తరువాతను తమ వద్ద పోగైన అక్షరములను కుమ్మరించివేయును. కంప్యూటరులో పోర్టునకు సంబంధించిన పంపు బఫరును కనిష్ఠమునకు తగ్గించినచో ఈ బాధ చాలవరకు శమించును.

ఫానుక్ వారి పలు నియంత్రికలు తమ కష్టమును అలారం సంఖ్యలతో చెప్పును. 85 వచ్చినచో వేగమో, బిట్లో, పారిటీయో కలియలేదన్న మాట. 86 వచ్చినచో ఎదుటి పరికరము సిద్ధమను సంకేతము రాలేదు. తీగ ఊడినదేమో, కనెక్టరు లోపలి జంపరు తెగినదేమో చూడవలెను. 87 వచ్చినచో ఆగుమన్నను కంప్యూటరు ఆగలేదు. ఈ మూటిని గుర్తుంచుకొన్న ఆపరేటరు సగము పరీక్ష చేసినవాడే.

పని చేయు వరుసయందును ఒక నీతి కలదు: వినువాడు ముందు, పలుకువాడు తరువాత. యంత్రము నుండి తెచ్చుకొనునపుడు కంప్యూటరును ముందు వినుటకు పెట్టి, అటుపిమ్మట యంత్రపు మీట నొక్కవలెను. యంత్రమునకు పంపునపుడు యంత్రమును ముందు వినుటకు పెట్టవలెను. మొదటిసారి ఎల్లప్పుడును యంత్రము నుండి తెచ్చుకొనుటతోనే ఆరంభింపవలెనని మా సలహా. ఆ దిశలో పొరపాటు జరిగినను టూలు కదలదు. పైగా యంత్రము తన ప్రోగ్రామును ఏ రూపున వ్రాయునో కన్నులార చూడవచ్చును. మొదట శాతపు గుర్తు (%), చివర మరల శాతపు గుర్తు. చివరి గుర్తు లేనిచో మాట ముగిసినదని యంత్రమునకు తెలియదు. అది ఇంకను వినుచునే యుండును.

ఇక అసలు విషయమునకు వత్తుము. ప్రోగ్రాము చేరినది, అలారం రాలేదు. ఇంతటితో పని ముగిసినదని అనుకొనవచ్చునా? అనుకొనరాదు. పారిటీ యనగా అక్షరములోని ఒకట్ల సంఖ్యను సరిగా నుండునట్లు చేయు కాపలా బిట్టు. ఒక్క బిట్టు మారినచో ఈ కాపలా పట్టుకొనును. ఉదాహరణకు 1 అను అంకె దారిలో ఒక్క బిట్టు మారి 5 అయినచో, ఒకట్ల సంఖ్య సరిపోక అలారం వచ్చును. కాని రెండు బిట్లు ఒకేసారి మారినచో కాపలా నిద్రించును. ఋణ చిహ్నమునకును దశాంశ బిందువునకును నడుమ భేదము సరిగ్గా రెండు బిట్లే. రెంటియందును ఒకట్లు నాలుగే. ఇది గాక, బఫరు పొంగి ఒక అక్షరము పూర్తిగ జారిపోయినచో, మిగిలిన అక్షరము లన్నింటి పారిటీయు సరిగానే యుండును.

జారిన అక్షరము దశాంశ బిందువే యైనచో ఏమగును? పలు నియంత్రికలలో ఎక్స్ 50. అనగా ఏబది మిల్లీమీటర్లు. బిందువు లేక ఎక్స్ 50 అన్నచో ఏబది మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. ఏబది మిల్లీమీటర్ల వ్యాసము కడ ఆగవలసిన టూలు, తిరుగుచున్న పనిముక్క నడిబొడ్డునకు శరవేగమున దూకును. టూలు విరుగును, ముక్క చక్కు నుండి ఎగిరిపోవచ్చును, స్పిండిలు దెబ్బతినవచ్చును. ఎదుట నిలిచిన ఆపరేటరు కన్నో, చెయ్యో పోవచ్చును. ఒక చుక్క కొరకు ఒక కుటుంబపు జీవనము పణముగ నుండుట ఈ తీగయందలి రహస్యము.

కనుక పంపుట సగము పని మాత్రమే. పంపిన ప్రోగ్రామును యంత్రము నుండి వేరొక పేరుతో మరల తెప్పించి, కంప్యూటరుచేతనే మొదటిదానితో అక్షరమునకు అక్షరము పోల్చి చూడవలెను. ఇందుకు పట్టు కాలమెంత? లక్ష అక్షరముల ప్రోగ్రాము 4800 బాడ్ వేగమున నాలుగు నిమిషముల లోపల చేరును. తిరిగి వచ్చుటకు మరి నాలుగు. చిన్న లేతు ప్రోగ్రామునకు కొన్ని సెకనులు చాలును. పోలిక కుదిరిన పిమ్మటనే, పనిముక్క లేకుండ, ఒక్కొక్క పంక్తిగా, వేగము తగ్గించి, ఆపు మీటపై వ్రేలుంచి నడిపి చూడవలెను. ఈ రెండు పరీక్షలు నెగ్గిన నాడే కంప్యూటరునకును యంత్రమునకును నిజముగ అనుసంధానము కలిగినదని చెప్పవచ్చును.

అచ్చుల వంటి వంపుల పనికి ప్రోగ్రాము లక్షలాది అక్షరములై, యంత్రపు జ్ఞాపకమున పట్టదు. అప్పుడు కంప్యూటరు కొంచెము కొంచెముగ పంపుచుండగా యంత్రము కోయుచుండును. దీనిని డ్రిప్ ఫీడ్ అందురు. మన తోటలలో బిందు సేద్యము వంటిది. ఇచట వేగమునకు హద్దు కలదు. 9600 బాడ్ వద్ద సెకనుకు 872 అక్షరములు. పంక్తికి ఇరువది అక్షరములైనచో సెకనుకు సుమారు 43 పంక్తులు. పంక్తికి టూలు మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే కదలునట్లున్నచో, నిమిషమునకు 260 మిల్లీమీటర్లకు మించి పోజాలదు. వేయి మిల్లీమీటర్లు పొమ్మని ప్రోగ్రాములో వ్రాసినను, యంత్రము మాట కొరకు వేచి వేచి ఆగుచు సాగుచు పోవును. లోహముపై మచ్చలు పడును. ఆ మచ్చలకు టూలును నిందించుట పొరపాటు, ఆకలి తీగది.

చివరగా, చాలమంది మరచు ఉపయోగ మొకటి చెప్పవలసి యున్నది. పాత నియంత్రికయందు ప్రోగ్రాములే గాక, ఆ యంత్రమునకే ప్రత్యేకమైన పారామీటరులు వందలకొలది యుండును: ఇరుసుల హద్దులు, వేగములు, స్క్రూల లోపములకు సవరణలు మొదలైనవి. వీనిని నిలుపుచున్నది ఒక చిన్న బ్యాటరీ. బ్యాటరీ అలారమును పట్టించుకొనక వారములు గడపినచో, ఒక ఉదయమున తెర వెలుగును గాని యంత్రమునకు తానెవరో తెలియదు. మంచి ఇనుము చెత్త ఇనుమగుటకు అంతే చాలును. కావున తీగ కుదిరిన తొలినాడే పారామీటరులను, ప్రోగ్రాములను కంప్యూటరులోనికి తెచ్చి, రెండు మూడు చోట్ల భద్రపరచి, ఒక ప్రతిని కాగితముపై అచ్చువేసి యంత్రపు విద్యుత్ పెట్టెలోనే ఉంచవలెను. బ్యాటరీ మార్చునపుడు తయారీదారు చెప్పిన పద్ధతినే పాటింపవలెను. ఫానుక్ నియంత్రికలలో సాధారణముగ విద్యుత్తు ఉండగానే మార్చవలసి యుండును. ఆపి మార్చినచో ఉన్నదంతయు పోవును.

బాలానగరునందు 1968లో స్థాపింపబడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థలు యంత్రవిద్యను నేర్పుచున్నవి. నేటి యంత్రములు నెట్‌వర్కు ద్వారా మాటలాడుచున్నవి. ఆ యంత్రములు చిన్న షాపులకు చేరు వరకు ఈ మూడు తీగల విద్య అన్నము పెట్టు విద్యయే. కొత్త తీగ వచ్చినను ధర్మము మారదు. చెప్పిన మాట చెప్పినట్లు చేరినదో లేదో మరల అడిగి తెలిసికొనిన పిమ్మటనే మీట నొక్కవలెను. పటాన్‌చెరు, కంది ప్రాంతములలో రాత్రి షిఫ్టు చేయు ప్రతి ఆపరేటరునకును ఈ అలవాటు అబ్బవలెనని మేము కోరుచున్నాము.